బడి లైబ్రరీ మాస్టారికి పాఠం ఎవరు చెబుతారు?

బడికి ఏదైనా ఇవ్వాలనుకున్న దాతకు ముందుగా తట్టేవి కొన్ని ఉంటాయి: మంచినీళ్ల ట్యాంకు, బెంచీలు, ఫ్యాన్లు, నోటు పుస్తకాలు. ఆ తర్వాత లైబ్రరీకి ఒక బీరువా, దాని నిండా పుస్తకాలు. అన్నీ అవసరమైనవే. అయితే లైబ్రరీ సంగతి మిగతా వాటికంటే కొంచెం వేరు. ఫ్యాను బిగించి స్విచ్ వేస్తే తిరుగుతుంది. బీరువాలో పెట్టిన పుస్తకం దానంతట అది పిల్లవాడి చేతికి రాదు. మధ్యలో ఒక మనిషి ఉండాలి. ఏ పుస్తకం ఎవరికి నచ్చుతుందో తెలిసినవాడు, పుస్తకం తీసి చూపించి ఆశ పుట్టించేవాడు, చదివి తెచ్చాక "ఎలా ఉందిరా?" అని అడిగేవాడు కావాలి.

ఆ మనిషికి ఈ పని ఎవరు నేర్పుతున్నారు? మా ఉపాధ్యాయులకు గణితం ఎలా చెప్పాలి, ఇంగ్లీషు ఎలా చెప్పాలి, కంప్యూటర్ ఎలా వాడాలి అని ఏటా శిక్షణలు జరుగుతాయి. లైబ్రరీ ఎలా నడపాలో చెప్పే శిక్షణ మాత్రం మా వరకు వచ్చేది చాలా అరుదు. ఆ నేర్పు ఎక్కడెక్కడ దొరుకుతుందో, దానికెంత సమయం, ఎంత ఖర్చు అవుతుందో ఈ వ్యాసంలో చెప్పాలనుకున్నాం. బడులు నడిపే పెద్దలకు, పుస్తకాలు ఇచ్చే దాతలకు, తాళం చెవి చేతిలో ఉన్న మా తోటి ఉపాధ్యాయులకు ఇది పనికొస్తుందని ఆశిస్తున్నాం.

బీరువాకు తాళం ఎందుకు పడుతుంది?

2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ప్రతి బడికీ లైబ్రరీ ఉండాలని రాసి ఉంది. దినపత్రికలు, మాసపత్రికలు, అన్ని సబ్జెక్టుల పుస్తకాలు, కథల పుస్తకాలు ఉండాలని కూడా ఉంది. సమగ్ర శిక్షా పథకం కింద ప్రభుత్వ బడులకు లైబ్రరీ గ్రాంటు ఏర్పాటూ ఉంది. బడి స్థాయిని బట్టి ప్రాథమిక పాఠశాలకు 5,000 రూపాయల నుంచి పెద్ద పాఠశాలకు 20,000 రూపాయల వరకు ఇవ్వవచ్చు. అంటే పుస్తకం గురించి చట్టం ఆలోచించింది, పథకం ఆలోచించింది. ఆ పుస్తకాన్ని పంచే మనిషి దగ్గరికి వచ్చేసరికి ఖాళీ కనిపిస్తుంది.

కేంద్రీయ విద్యాలయాల్లో, నవోదయ విద్యాలయాల్లో, కొన్ని గురుకులాల్లో లైబ్రరీ సైన్సు చదివిన లైబ్రేరియన్లు ఉన్నారు. మామూలు ప్రభుత్వ బడుల్లో, ఎయిడెడ్ బడుల్లో, సంఘాలు నడిపే చిన్న బడుల్లో ఆ పోస్టు చాలాచోట్ల లేదు. తెలుగు పండితుడో, సోషల్ టీచరో, కాస్త పీరియడ్లు తక్కువున్న మరెవరో "లైబ్రరీ ఇన్‌చార్జి" అవుతారు. బదిలీ మీద వెళ్లే ఉపాధ్యాయుడి దగ్గర రిజిస్టరు, తాళం చెవి తీసుకుని సంతకం పెడతారు. ఆ సంతకంతోనే భయం కూడా మొదలవుతుంది. ఒక్క పుస్తకం పోయినా జీతంలోంచి కట్టాలేమో, తనిఖీలో మాట పడాలేమో అని. ఆ భయానికి అందరికీ తెలిసిన మందు ఒకటే, తాళం వేసి ఉంచడం. తాళం వేసిన బీరువాలో పుస్తకం పోదు. చెదలు తినవచ్చు, పేజీలు పసుపెక్కవచ్చు, లెక్క మాత్రం సరిపోతుంది.

ఇక్కడే శిక్షణ అవసరం తెలుస్తుంది. లైబ్రరీ నిర్వహణ చదివినవారికి ఈ విషయంలో ఒక నియమం తెలిసి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు, 2017లో 215వ నిబంధన లైబ్రరీల గురించి చెబుతుంది. దాని ప్రకారం ఏడాదిలో ఇచ్చిన లేదా చదవడానికి తీసిన ప్రతి 1,000 పుస్తకాలకు 5 పోతే అది సహజమైన నష్టమే. మోసం గానీ అజాగ్రత్త గానీ కారణం కాకూడదు, అంతే. 1,000 రూపాయలకు మించిన పుస్తకమో, అరుదైన పుస్తకమో పోతే మాత్రం విచారణ జరగాలి. 200 మంది పిల్లలు ఏడాదికి తలా 10 పుస్తకాలు తీసుకెళ్లారనుకోండి, అది 2,000 సార్లు ఇచ్చినట్టు. ఆ లెక్కన 10 పుస్తకాలు పోయినా ఎవరూ నేరస్తులు కారు. ఈ నిబంధన కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల కోసం రాసినది, మన బడులకు నేరుగా వర్తించదు. కానీ అందులో ఉన్న న్యాయం ఎక్కడైనా న్యాయమే. సంఘాలు నడిపే బడుల్లో యాజమాన్యం ఇలాంటి తీర్మానం ఒకటి రాసి ఇన్‌చార్జి చేతికిస్తే, తాళం సగం తెరుచుకున్నట్టే.

ఇదే చదువులో నేర్పే ఇంకో సంగతి, పనికిరాని పుస్తకాన్ని తీసేయడం. పాత సిలబస్ గైడ్లు, మారిపోయిన రాష్ట్రాల పటాలు, పేజీలు ఊడిన పుస్తకాలు బీరువా నిండా ఉంటే మంచి పుస్తకం వాటి వెనక దాక్కుంటుంది. ఏది తీయాలి, ఎవరి ఆమోదంతో తీయాలి, రిజిస్టరులో ఎలా రాయాలి అన్నదానికి ఒక పద్ధతి ఉంది. తెలియనివారు దేన్నీ తీయరు. తెలిసినవారు తీసి, రాసి, సంతకం చేయించి నిశ్చింతగా ఉంటారు.

నేర్చుకుంటే వచ్చే పనే

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడని పేరొందిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు మొదట లెక్కల మాస్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో గణితం చెప్పేవారు. 1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయానికి లైబ్రేరియన్ అయ్యారు. అప్పటికి ఆయనకు ఈ పనిలో శిక్షణ లేదు. ఎవరూ రాని ఆ గదిలో కూర్చోలేక మళ్లీ క్లాసుకు వెళ్లిపోతానన్నారు. ముందు లండన్ వెళ్లి ఈ విద్య చదివి రమ్మని పెద్దలు నచ్చజెప్పారు. వెళ్లారు, యూనివర్సిటీ కాలేజీలో చదివారు, అక్కడి లైబ్రరీలు ఎన్నో తిరిగి చూశారు, 1925లో తిరిగి వచ్చారు. ఆ తర్వాత ఆయన క్లాసుకు వెళ్తానని అడగలేదు. 1931లో ఆయన ప్రకటించిన అయిదు సూత్రాలు ప్రపంచమంతా గ్రంథాలయ విద్యార్థులకు మొదటి పాఠమయ్యాయి. వాటిలో మొదటి సూత్రం సారాంశం మా బీరువాలకు సరిగ్గా సరిపోతుంది: పుస్తకం వాడడం కోసమే, దాచడం కోసం కాదు.

అంత పెద్దాయన కూడా చదువుకున్నాకనే ఆ పనిని ప్రేమించగలిగారు. లైబ్రరీ ఇష్టం లేదనే ఉపాధ్యాయుల్లో చాలామందికి అసలు ఆ పని ఏమిటో చెప్పినవారే లేరని మా అభిప్రాయం.

తెలుగునాట ఈ విద్యకు లోటు లేని రోజులున్నాయి. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారు ముందుండి గ్రంథాలయాల మహాసభ జరిపించారు. మరుసటి ఏడాదే "గ్రంథాలయ సర్వస్వము" పత్రిక మొదలైంది. ఊరూరా లైబ్రరీ నడిపే సామాన్యులకు పద్ధతులు నేర్పడం ఆ ఉద్యమంలో ఒక భాగం. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. పుస్తకాన్ని పడవెక్కించి మనిషి దగ్గరికి తీసుకుపోయిన నేల ఇది. ఇక్కడ బడి పిల్లవాడికీ బీరువాకూ మధ్య పదడుగుల దూరం దాటించలేమా?

ఇంట్లోనే చదువుకోగలిగినవి

మొదట, పైసా ఖర్చు లేకుండా ఫోనులోనో కంప్యూటరులోనో దొరికేవి చెబుతాం.

ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం, మనం ఇగ్నో అని పిలిచేది, తన పాఠ్యపుస్తకాలన్నీ "ఈ-జ్ఞాన్‌కోశ్" అనే చోట ఉచితంగా పెట్టింది. గ్రంథాలయ శాస్త్రం సర్టిఫికెట్ కోర్సు పాఠాలు, డిగ్రీ కోర్సు పాఠాలు రెండూ ఉన్నాయి. కోర్సులో చేరకపోయినా చదువుకోవచ్చు. కొత్త ఇన్‌చార్జి సర్టిఫికెట్ స్థాయి పాఠాలతో మొదలుపెడితే మంచిది. యాక్సెషన్ రిజిస్టరు ఎలా రాయాలి, పుస్తకాలకు నంబర్లు ఎలా వేయాలి, అల్మారాలో ఎలా సర్దాలి అన్నవి అందులో మొదటి నుంచి చెప్పారు.

"స్వయం" అనే కేంద్ర ప్రభుత్వ వేదిక 2017లో మొదలైంది. అందులో వీడియో పాఠాలతో గ్రంథాలయ శాస్త్రం కోర్సులు వస్తుంటాయి. వినడానికి ఫీజు లేదు. సర్టిఫికెట్ కావాలంటే మాత్రం ఫీజు కట్టి పరీక్ష రాయాలి. పీజీ స్థాయి లోతు కావాలనుకునేవారికి "ఈ-పీజీ పాఠశాల"లో ఇదే సబ్జెక్టు ఉంది. ఉపాధ్యాయులకు బాగా తెలిసిన "దీక్ష" యాప్‌లో చదవడం నేర్పడం గురించిన శిక్షణ పాఠాలు దొరుకుతాయి. అవి నేరుగా లైబ్రరీ గురించి కాకపోయినా, ఏ వయసు పిల్లవాడు ఎలాంటి పుస్తకం చదవగలడో తెలుసుకోవడానికి ఉపయోగపడతాయి.

ప్రపంచ స్థాయిలో గ్రంథాలయాల సమాఖ్య ఒకటి ఉంది. దాన్ని ఇఫ్లా అంటారు, 1927లో ఏర్పడింది. పాఠశాల గ్రంథాలయాల కోసమే అది ఒక మార్గదర్శిని తయారుచేసింది. దాని రెండో కూర్పు 2015లో వచ్చింది, ఉచితంగా దింపుకోవచ్చు. యునెస్కోతో కలిసి 1999లో పాఠశాల గ్రంథాలయ ప్రణాళిక కూడా ప్రకటించింది. ఈ రెండింటిలోనూ నొక్కి చెప్పిన విషయం ఒకటే. గది, పుస్తకాలు, కంప్యూటర్లు ఎన్ని ఉన్నా, నడిపే మనిషికి తగిన అర్హత, శిక్షణ ఉండాలి. ఆ మనిషి మిగతా ఉపాధ్యాయులతో కలిసి పాఠాలకు ప్రణాళిక వేసుకోవాలి. ఇంగ్లీషులో ఉన్నా భాష కఠినంగా ఉండదు. స్టాఫ్ రూంలో ఇద్దరు ముగ్గురు కలిసి వారానికో అధ్యాయం చదువుకోవచ్చు.

ఒక్క మాట. ఈ పాఠాల్లో కొన్నిచోట్ల పెద్ద పెద్ద లైబ్రరీల సాఫ్ట్‌వేర్ల గురించి వస్తుంది. న్యూజిలాండ్‌లో పుట్టి ఉచితంగా అందరికీ దొరికే "కోహా", మన ఎన్.ఐ.సి. తయారుచేసిన "ఈ-గ్రంథాలయ" అలాంటివి. మంచివే. కానీ 600 పుస్తకాలున్న బడికి ఒక యాక్సెషన్ రిజిస్టరు, ఒక ఇష్యూ రిజిస్టరు చాలు. సాఫ్ట్‌వేర్ వచ్చాకే పిల్లలకు పుస్తకాలిద్దామని కూర్చుంటే ఆ ఏడాది గడిచిపోతుంది.

చేరదగిన కోర్సులు

కాగితం మీద అర్హత కావాలనుకునేవారికి రెండు మెట్లున్నాయి. ఇంటర్మీడియట్ చదివినవారు ఇగ్నోలో 6 నెలల సర్టిఫికెట్ కోర్సు చేయవచ్చు. డిగ్రీ ఉన్నవారు ఏడాది బి.ఎల్.ఐ.ఎస్సీ. చేయవచ్చు. హైదరాబాదులోని డా. బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం కూడా దూరవిద్యలో ఈ డిగ్రీ నడుపుతోంది. ఉద్యోగం చేస్తూనే చదవవచ్చు. ఫీజు, ప్రవేశ నిబంధనలు ఏటా మారవచ్చు కనుక ఆ ఏటి ప్రకటన చూసుకుని దరఖాస్తు చేయాలి.

డిగ్రీ పాఠాలు ఎక్కువగా పుస్తకాల గురించి చెబుతాయి: వర్గీకరణ, సూచిక, భద్రత. పిల్లల గురించి తక్కువ. ఆ లోటు తీర్చే కోర్సు ఒకటుంది. టాటా ట్రస్టుల "పరాగ్" విభాగం నడిపే లైబ్రరీ ఎడ్యుకేటర్స్ కోర్సు అది. కొన్నిరోజులు ఒకచోట చేరి నేర్చుకోవడం, మిగతా నెలలు తమ బడిలోనే పనిచేస్తూ చదవడం దాని పద్ధతి. ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉంది. ఉర్దూ ఇంటి భాషగా ఉన్న ఉపాధ్యాయులకు హిందీ మాట కష్టం కాదు, లిపి ఒక్కటే అలవాటు చేసుకోవాలి.

ఆ కోర్సులో దృష్టి పిల్లవాడి మీద ఉంటుంది. అలాంటి శిక్షణలో నేర్పే పనులు కొన్ని చెబుతాం. పుస్తకాన్ని వీపు కనిపించేలా కాక అట్ట ముఖం కనిపించేలా పెట్టడం. పుస్తకం తెరిచి పిల్లలందరికీ బొమ్మలు చూపిస్తూ గట్టిగా చదివి వినిపించడం. కథ మొత్తం చెప్పకుండా అసలు మలుపు దగ్గర ఆపి, మిగతాది మీరే చదవండి అని పుస్తకం వాళ్ల చేతికివ్వడం. 4వ తరగతి పిల్లలకే ఇష్యూ రిజిస్టరు రాసే బాధ్యత అప్పగించడం. చదివాక పరీక్ష పెట్టకుండా మాట్లాడనివ్వడం. వీటిలో ఏదీ డబ్బుతో జరిగేది కాదు. ఎవరైనా చేసి చూపిస్తే చాలు, మర్నాటి నుంచి మనమూ చేయగలం.

పిల్లల పుస్తకాలు తెలియడం సగం శిక్షణ

వైద్యుడికి మందులు తెలిసినట్టు లైబ్రరీ మాస్టారికి పుస్తకాలు తెలియాలి. మనలో చాలామంది చదివిన పిల్లల పుస్తకాలు మన చిన్ననాటివి. ఈ 20 ఏళ్లలో ఎన్నో కొత్తవి వచ్చాయి.

ప్రథమ్ బుక్స్ వారి "స్టోరీవీవర్" 2015లో మొదలైంది. అందులో తెలుగు, ఉర్దూ సహా ఎన్నో భాషల్లో బొమ్మల కథలు ఉచితంగా చదవవచ్చు, దింపుకోవచ్చు, అచ్చు తీయవచ్చు. కథలను 4 చదువు స్థాయులుగా విడగొట్టారు. ఒకే కథ తెలుగులోనూ ఉర్దూలోనూ దొరికే వీలుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ బడిలో తెలుగు చదివే పిల్లలున్న మన ప్రాంతాల్లో ఇది పెద్ద సాయం. ముందు ఉర్దూలో వినిపించి, మర్నాడు అదే కథ తెలుగులో ఇస్తే పిల్లవాడికి కథ ముందే తెలుసు. ఇక అక్షరాలు కూడబలుక్కోవడమే మిగులుతుంది. తెలుగు పిల్లలు ఉర్దూ నేర్చుకోవాలన్నా దారి ఇదే.

తెలుగు పుస్తకాలకు సికింద్రాబాదులోని "మంచి పుస్తకం" వారి జాబితా తెప్పించుకోవాలి. నేషనల్ బుక్ ట్రస్టు కూడా తెలుగులో, ఉర్దూలో పిల్లల పుస్తకాలు వేస్తోంది. ఉర్దూకు ఢిల్లీలోని జాతీయ ఉర్దూ భాషాభివృద్ధి మండలి పిల్లల పుస్తకాలతోపాటు "బచ్చోం కీ దునియా" అనే మాసపత్రిక తెస్తోంది. "రేఖ్తా" వెబ్‌సైటులో పాత ఉర్దూ పుస్తకాలు, వాటిలో పిల్లలవి కూడా, ఉచితంగా చదవవచ్చు. ఐ.ఐ.టి. ఖరగ్‌పూర్ నిర్వహిస్తున్న జాతీయ డిజిటల్ గ్రంథాలయం ఇంకో పెద్ద భాండాగారం. "పరాగ్" వారు ఏటా ప్రకటించే మంచి పిల్లల పుస్తకాల జాబితా చూస్తే, ఏ గుణాలను బట్టి పుస్తకాన్ని ఎంచుతారో అర్థమవుతుంది.

పుస్తకాలు సర్దడానికి ప్రపంచమంతా వాడే డ్యూయీ దశాంశ పద్ధతి తెలిసి ఉండడం మంచిది. 1876లో వచ్చిన ఆ పద్ధతిలో విజ్ఞానశాస్త్రం 500 దగ్గర, సాహిత్యం 800 దగ్గర ఉంటుంది. తెలుగు సాహిత్యానికి 894.827, ఉర్దూ సాహిత్యానికి 891.439 అంకెలు. హైస్కూలు పిల్లలకు ఇది నేర్పితే రేపు ఏ ఊరి లైబ్రరీకి వెళ్లినా దారి తప్పరు. ప్రాథమిక బడిలో మాత్రం ఇంత అక్కరలేదు. ఒక్కో చదువు స్థాయికి ఒక్కో రంగు కాగితం అంటిస్తే చాలు.

మన వీధిలోనే ఉన్న గురువు

దూరంగా ఉన్న కోర్సుల గురించి చెప్పి దగ్గర ఉన్నవారిని మరిచిపోకూడదు. ఇంటి పన్ను కట్టేటప్పుడు రసీదులో గ్రంథాలయ పన్ను అని ఒక పద్దు కనిపిస్తుంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజా గ్రంథాలయాల చట్టం కింద, పన్నులో రూపాయికి 8 పైసల లెక్కన ఈ సెస్సు వచ్చింది. ఆ డబ్బుతో జిల్లా గ్రంథాలయ సంస్థలు, వాటి కింద శాఖా గ్రంథాలయాలు నడుస్తున్నాయి. అంటే మనం ఇప్పటికే డబ్బు కట్టి పెట్టుకున్న లైబ్రరీలు అవి. అక్కడ ఈ పనే రోజూ చేసేవారు ఉంటారు. ఒక శనివారం మన ఇన్‌చార్జి ఉపాధ్యాయుడు అక్కడికి వెళ్లి రిజిస్టర్లు ఎలా రాస్తున్నారో చూడవచ్చు. ఇంకో రోజు ఆ లైబ్రేరియన్‌ను బడికి పిలిచి బీరువా చూపించి సలహా అడగవచ్చు. మాకు తెలిసినంతలో, మర్యాదగా అడిగితే కాదన్నవారు తక్కువ. వాళ్ల దగ్గరికి పిల్లలను తీసుకొచ్చేవాళ్లం మనమే కదా.

దగ్గర్లో కేంద్రీయ విద్యాలయమో నవోదయ విద్యాలయమో ఉంటే అక్కడి లైబ్రేరియన్‌ను కూడా కలవవచ్చు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఒక అరగంట లైబ్రరీకి కేటాయించమని హెడ్మాస్టర్లు అడగవచ్చు. ఏ బడిలో ఏ పుస్తకాన్ని పిల్లలు ఎగబడి చదివారో చెప్పుకున్నా ఆ అరగంట వృథా కాదు.

వారానికి ఒక గంట

ఇవన్నీ వినగానే ఉపాధ్యాయులు అడిగేది, సమయమెక్కడిది అని. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఏడాదిని ఇలా పంచుకోమంటున్నాం. వారానికి ఒక్క గంట చొప్పున బడి నడిచే 40 వారాలకు 40 గంటలు.

జూన్, జూలై: రిజిస్టరు చేత్తో పట్టుకుని పుస్తకాలు లెక్క చూడాలి. చిరిగినవి, కాలం చెల్లినవి పక్కన పెట్టి, హెడ్మాస్టరు సంతకంతో జాబితా రాయాలి. ఈ రెండు నెలలూ ఇగ్నో సర్టిఫికెట్ పాఠాల్లో రిజిస్టర్ల భాగం చదవాలి.

ఆగస్టు, సెప్టెంబరు: శాఖా గ్రంథాలయానికి వెళ్లి రావాలి. రంగనాథన్ గారి జయంతి ఆగస్టు 12ను గ్రంథాలయాధికారుల దినంగా జరుపుతారు. ఆ రోజు పిల్లలతో వెళ్తే ఇంకా మంచిది. వారానికి రెండు పిల్లల పుస్తకాలు మనమే చదవాలి. ఇంటికి తీసుకెళ్లి మన పిల్లలకో మనవలకో చదివి వినిపిస్తే సాధన కూడా అవుతుంది.

అక్టోబరు, నవంబరు: నవంబరు 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. ఉపన్యాసాలు తగ్గించి, ఆ వారం రోజూ ఒక తరగతికి ఒక పుస్తకం చదివి వినిపించాలి. తల్లిదండ్రులను పిలిచి వారి చేతా చదివించాలి. చదవడం రాని అమ్మలు తమకు తెలిసిన కథ చెబితే అదీ లైబ్రరీ పనే.

డిసెంబరు నుంచి మార్చి: ఒక "స్వయం" కోర్సో, ఇఫ్లా మార్గదర్శినో పూర్తి చేయాలి. ఎన్ని పుస్తకాలు ఇచ్చాం, ఏవి ఎక్కువ తిరిగాయి, ఏవి ఒక్కసారి కూడా కదల్లేదు అని ఒక పేజీ నివేదిక రాయాలి. వచ్చే ఏడాది ఏ పుస్తకాలు కొనాలో ఆ పేజీయే చెబుతుంది.

పెద్దలు చేయగలిగింది

దాతలకు, బడుల యాజమాన్యాలకు మా విన్నపం చిన్నది. లైబ్రరీకి ఇచ్చే సొమ్ములో కొంత భాగం పుస్తకాలకు కాకుండా మనిషికి కేటాయించండి. 10,000 రూపాయలు ఇవ్వాలనుకుంటే 7,000 పుస్తకాలకు, 3,000 ఆ బడి ఉపాధ్యాయుడి కోర్సు ఫీజుకో, ప్రయాణానికో, ఇంటర్నెట్టుకో ఇవ్వండి. పుస్తకాలు కొనే ముందు ఆ ఉపాధ్యాయుణ్ణి జాబితా అడగండి. ఇంట్లో అక్కర్లేని పుస్తకాలు మూటగట్టి బడికి పంపడం దానమే, కాదనం. అయితే 6వ తరగతి పిల్లవాడికి పాత ఎంసెట్ గైడు ఏం చేసుకోను?

యాజమాన్యాలు చేయవలసినవి మూడు. పుస్తకాలు కొన్ని పోవడం సహజమని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఇన్‌చార్జికి వారానికి రెండు పీరియడ్లు లైబ్రరీ కోసం కేటాయించి, ఆ పీరియడ్లలో సబ్‌స్టిట్యూట్ క్లాసులకు పంపకూడదు. శిక్షణ పొందిన ఉపాధ్యాయుణ్ణి కనీసం మూడేళ్లు ఆ బాధ్యతలో ఉంచాలి. ఏటా చేయి మారితే నేర్చుకున్నదంతా తాళం చెవితో పాటు చేజారిపోతుంది.

తల్లిదండ్రులూ ఒక పని చేయవచ్చు. పిల్లవాడు ఇంటికి తెచ్చిన లైబ్రరీ పుస్తకం చూసి "పాఠం పుస్తకం చదువుకోక ఇదేంటి?" అనకుండా, ఒక పేజీ చదివి వినిపించమని అడగండి. పుస్తకం చిరిగితే తిట్టకండి, జిగురు పెట్టి అతికించి పంపండి. అతికించిన పుస్తకం తిరిగి వచ్చిందంటే అది చదివిన పుస్తకమని మాకు అర్థమవుతుంది.

మా తోటి ఇన్‌చార్జి ఉపాధ్యాయులకు చివరిగా ఒక మాట. ఈ పని మనం అడిగి తీసుకున్నది కాకపోవచ్చు. అయినా చేతికి వచ్చింది కనుక ఒక ఏడాది శ్రద్ధగా నేర్చుకుని చూద్దాం. ఈ వారం ఒక గంట తీసుకుని ఇగ్నో పాఠాల్లో మొదటిది తెరవండి. అదే వారం బీరువా తెరిచి పది పుస్తకాలు అట్టలు కనిపించేలా బల్ల మీద పేర్చండి. పిల్లలు ఏది ముందుగా చేతికి తీసుకుంటారో గమనించండి. తర్వాత ఏం నేర్చుకోవాలో అక్కడే తెలుస్తుంది.